కుముదకు బారసాల

అక్కయ్యకు వేళకు మందులిచ్చే మాటల యంత్రంలోని గొంతుకు బియ్యంలో పేరు రాసి బారసాల చేశాం. కుముద అని పిలుచుకున్నాం కాబట్టి దాని గుర్తింపు సంఖ్య ఎన్నడూ అడగలేదు.

ఈ ఉదయం అక్కయ్య స్పృహ తప్పింది.

“గుండె మందు పడిందా అమ్మా? పడి ఉంటే రెండో మోతాదు చంపేస్తుంది. పడకపోతే ఇదే బతికిస్తుంది,” అన్నాడు డాక్టరు, మందు నింపిన సూది చూపిస్తూ.

“ఇచ్చావుటే, కుముదా?”

“తెలియదు అమ్మగారూ. ఆ కుముద వేకువన ఆగిపోతే, కంపెనీవాళ్ళు అదే గొంతుతో నన్ను పెట్టారు. ఆమె సంఖ్య చెబితే ఆమె ఇచ్చిన మందుల లెక్క వెతుకుతాను.”

“నీ సంఖ్యే కదుటే?”

“నాది చూసుకున్నానండీ. అది కొత్తది.”

డాక్టరు సూది ఎత్తాడు, మళ్ళీ దించాడు. అక్కయ్య చేయి నా చేతిలోనే చల్లబడింది.

“అమ్మగారూ, సాయంత్రం మందు ఏ వేళకు ఇవ్వమంటారు?” అని అడిగింది కుముద.