మిష్‌మిష్ ఒళ్లు చెయ్యలేదు

రెండు నెలల సెలవు ముగించుకుని బహ్రెయిన్ తిరిగొచ్చిన డ్రైవర్ భీమరాజుకు, ఉమ్మ్ అల్ హస్సామ్‌లోని విల్లా గేటు తీయగానే మొదట కనిపించినవి కుక్క పక్కటెముకలు.

"ఇదేంటి! మిష్‌మిష్ ఇలా అయిపోయింది?"

కుక్క అతన్ని చూసి మొరిగింది. పెరడు చుట్టూ గిరగిరా తిరిగింది.

"మీ గుండు చూసి కొత్త మనిషనుకుందండి రాజుగారూ," అంది పనిమనిషి నాగదుర్గ వంటింటి గుమ్మంలోంచి. "బాబాగారు ఆసుపత్రిలో చేరిన కాణ్ణుంచీ ఇంతేనండి. బెంగెట్టుకుంది."

చిన్న తిరుపతిలో తలనీలాలిచ్చి వచ్చిన మాట నిజమే. కానీ బెంగ పెట్టుకున్న కుక్క ఓ మూల ముడుచుకుని పడుకుంటుంది. ఇలా గోడలెక్కదు. ఇది కడుపు నిండని కుక్క తిరుగుడని భీమరాజుకు అనిపించింది.

మిష్‌మిష్ ఇంటి పెద్దాయనది. ఆయన్ను అందరూ బాబా అంటారు. వీధిలో దొరికిన గోధుమరంగు పిల్లను తెచ్చి, ముద్దలు తినిపించి పెంచాడు. ఇప్పుడాయనకు చూపు బొత్తిగా ఆనదు. సాయంత్రాలు పెరట్లో కుర్చీ వేయించుకుని, దాని వీపు నిమురుతూ కూర్చోవడమే ఆయనకు మిగిలిన సంతోషం. గుండె ఆపరేషనయి ఆసుపత్రిలో ఉన్నా, ఫోన్ చేస్తే ముందు అడిగేది దాని సంగతే.

ఆయన కోడలు, ఇంటి మేడం, కుక్క దగ్గరికి రాదు. పెరటి తలుపు కూడా తీయదు. రోజూ కోడిమాంసం తెప్పించి నాగదుర్గకు అప్పగిస్తుంది.

ఆ మాంసం ఎటు పోతోంది?

భీమరాజే కుక్కనూ నాగదుర్గనూ సనాబిస్‌లోని జంతువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. పార్కింగ్ దొరక్క తను కారులోనే ఉండిపోయాడు. కాసేపటికి నాగదుర్గ ఒక చేత్తో గొలుసు పట్టుకుని, చంకలో బస్తా పెట్టుకుని వచ్చింది.

"రోగమేం లేదంటండి. పురుగులూ లేవంట. తిన్నదంతా పరుగుల్లోనే కరిగిపోతందంట. కొవ్వు ఎక్కువున్న తిండి కొంచెం కొంచెంగా నాలుగు పూటలెట్టమన్నారు. ఒక్కసారే నూనె కుమ్మరిస్తే విరేచనాలట్టుకుంటాయంట."

బస్తా మీద కుక్కపిల్ల బొమ్మ ఉంది.

"తొమ్మిదేళ్లదానికి పిల్లకుక్కల తిండేంటి?"

"దాంట్లోనే బలం ఎక్కువంటండి," అంటూ ఆమె మొహం కిటికీ వైపు తిప్పుకుంది.

ఆ రోజు నుంచి భీమరాజు ఆమె మీద ఓ కన్నేసి ఉంచాడు. ఆ తిండిలో ఉడికించిన మాంసం, గుడ్డు, గుమ్మడిముక్క కలిపి పెట్టేది. తిన్నాక దాని పక్కలు తడిమి చూసుకునేది. "బాబాగారొచ్చేలోగా కాస్త ఒళ్లు చెయ్యవే తల్లీ," అని గొణిగేది. ఆ గొంతులో ప్రేమ కంటే భయమే ఎక్కువ వినిపించింది అతనికి.

ఒకరోజు అడిగేశాడు. "మాంసమంతా దానికే పెడుతున్నావా, నాగదుర్గా?"

"కుక్క నోటికాడది లాక్కునే మనిషిలా కనపడుతున్నానా అండీ?" అంది. కళ్లు తుడుచుకుంటూ లోపలికెళ్లిపోయింది.

శుక్రవారం పెరటి గేటు దగ్గర గుసగుసలు వినిపించాయి. కర్జకాన్‌లో ఓ ఖర్జూర తోటలో పనిచేసే లింబాద్రి వచ్చాడు. నిజామాబాద్ మనిషి. ఇంటికి ఆకుకూరలు తెచ్చిస్తుంటాడు.

"ఫికర్ జెయ్యకు అక్కా," అంటున్నాడు. "నేనెవ్వలకు జెప్ప. ఎవ్వలకు ఎర్కగాదు."

నాగదుర్గ అతని చేతిలో మూత బిగించిన క్యారేజీ పెట్టింది.

ఖలాస్, దొంగతనం బయటపడింది అనుకున్నాడు భీమరాజు.

బాబా ఇంటికొచ్చిన రోజు చక్రాల కుర్చీని తిన్నగా పెరట్లోకే తోయించుకున్నాడు. కుక్క ఎగిరి ఒళ్లో కాళ్లు పెట్టి ఆయన మొహమంతా నాకింది. పెద్దాయన నవ్వాడు. చేతులు దాని మెడ మీంచి వీపు మీదికి, వీపు మీంచి పక్కలకు జారాయి. అక్కడ ఆగిపోయాయి.

"మిష్‌మిషేనా ఇది?" అన్నాడు వచ్చీరాని హిందీలో. నవ్వు ఆరిపోయింది. "ఎముకలు తగులుతున్నాయేం?"

నాగదుర్గ మొహంలో నెత్తురు చుక్క లేదు. మేడం గుమ్మంలోంచే చూస్తోంది. భీమరాజు ఇక ఊరుకోలేకపోయాడు.

"దాని మాంసం దానికి అందలేదు బాబా. ఈ నాగదుర్గనే అడగండి, ఎటు పోయిందో."

నాగదుర్గ ఒక్క క్షణం పెద్దాయన వేళ్ల వైపు చూసింది. అవి కుక్క చెవుల్ని, మూతిని మళ్లీ మళ్లీ తడుముతున్నాయి.

"అవును బాబా," అంది. "నేనే తినేశాను. దీన్ని పస్తులుంచాను."

ఆయన మొహం విప్పారింది. కోపగించుకోవాల్సినవాడు కుక్కను గుండెలకు హత్తుకుని, "పాపం, మాడ్చేశారా నా బంగారాన్ని," అంటూ ఏడ్చాడు.

మేడం ఒక్కటే మాట అంది. "యల్లా, సామాన్ సర్దుకో."

ఎయిర్‌పోర్టుకు భీమరాజే తీసుకెళ్లాడు. దారిలో మనసు ఆగలేదు. "ఆకలైతే నన్ను అడగొద్దా? నా డబ్బాలోది పెట్టేవాణ్ణి కదా."

"పోనివ్వండి రాజుగారూ. దానికి నాలుగు పూటలూ మర్చిపోకండి. ఆ బస్తా తిండే కొనండి," అందామె.

బాబాను తీసుకెళ్తున్న అంబులెన్సు వెంట పరిగెత్తి కారు కింద పడి చచ్చిపోయిన అసలు మిష్‌మిష్‌ను తానూ లింబాద్రీ కర్జకాన్ తోటలో పాతిపెట్టి, అక్కడి వీధికుక్కల్లోంచి అదే రంగున్న ఏడాది కుక్కను ఏరి దాని బదులు తెచ్చామని మాత్రం ఆమె కారు దిగేటప్పుడు కూడా చెప్పలేదు.