రాణి కంటి కింద చుక్క

"ఆ ఒక్కదాన్ని మాత్రం నీళ్ళలో వెయ్యకు, అమ్మాయ్!"

వెర్నా చెయ్యి గిన్నె మీదే ఆగిపోయింది. పట్టకారు చివర మూడు సెంట్ల ఎర్ర స్టాంపు. దాని మీద పక్కకి తిరిగిన రాణి ముఖం, కంటి కింద ఆవగింజలో సగం కూడా లేని ఎర్ర చుక్క. ఏడుస్తున్నట్టే ఉంది.

"అన్నీ నానబెట్టమన్నారుగా, నికిల్ గారూ?"

"అవి వేలు. ఇది ఒక్కటే."

ముసలాయన ఆంబ్రోస్ నికిల్ ఆ స్టాంపుని అందుకుని, బల్ల మీది గాజు పలక కింద దాచాడు. మళ్ళీ సన్నటి కలం ఎర్ర సిరాలో ముంచి ఆల్బంలో పేర్లు రాసుకోసాగాడు.

గిన్నె మీద పల్చటి ఆవిరి. పాత కవర్ల ముక్కలనుంచి ఊడిన రాణులు ఒక్కొక్కరే నీళ్ళలో తేలుతున్నారు. కిటికీ అవతల లూనెన్‌బర్గ్ రేవుని పొగమంచు మింగేసింది. ఎక్కడో ఒక పడవ కూత పెట్టింది. అది వెర్నా మొగుడు వెళ్ళిన పడవ కాదు. అతను రావడానికింకా వారం ఉంది.

నికిల్ ఇంటి పై వాటాలో అద్దెకుంటారు ఆ ఆలుమగలు. అంతకుముందు, అక్టోబరులో ఒకరోజు వెర్నా మెట్ల మీద కూర్చుని ఏడుస్తుంటే ముసలాయన చూశాడు. ఏమీ అడగలేదు. ఆమే చెప్పింది. మొదటి బిడ్డ గుండెలో చిల్లుతో పుట్టి తొమ్మిది రోజులే బతికింది. ఇప్పుడు మళ్ళీ నాలుగో నెల. అదేదో అలా జరిగిపోయింది, ఈ బిడ్డకి రావాలనేం లేదని హాలిఫాక్స్ డాక్టరు మూడుసార్లు చెప్పాడు.

"ఆయనకేం, చెప్తాడు. లోపం నాలోనే ఉందేమో!" అంది వెర్నా.

మర్నాడు పొద్దున్నే ముసలాయన ఆమెను కిందకి పిలిచి ఏడిచే రాణిని చూపించాడు.

"మచ్చలు రెండు రకాలు. అచ్చు వేసేటప్పుడు ఏ దుమ్మో పడితే ఆ ఒక్క కాగితానికే మచ్చ. అచ్చు పలకలోనే లోపముంటే, దాన్నుంచి వచ్చే ప్రతి కాగితానికీ అదే చోట మచ్చ."

"ఇది ఏ రకం?"

"ఇలాంటిదే ఇంకోటి దొరికితే పలకది. దొరక్కపోతే దుమ్ము. నా కళ్ళకి ఓపిక లేదు. నువ్వు వెతికి పెట్టు."

అలా మొదలైంది. రోజూ మధ్యాహ్నం వెర్నా కిందకి దిగేది. స్టాంపులు నానబెట్టి, పాత పేపర్ల మీద ఆరేసి, ఒక్కో రాణినీ భూతద్దం కింద పెట్టేది. వెతికేదేగానీ, దొరక్కూడదని మనసులో మొక్కుకునేది.

ముసలాయన అక్క హిల్డా మూల కుర్చీలో ఏదో అల్లుకుంటూ ఉండేది.

"ఒరేయ్ ఆంబ్రోస్, కడుపుతో ఉన్న పిల్ల చేత ముసలి రాణుల మొహాలు కడిగిస్తావేంట్రా? అయినా అరవై ఏళ్ళుగా నీ స్టాంపుల సోది వింటున్నా. ఈ ఏడిచే రాణి సంగతి నాకెప్పుడూ చెప్పలేదేం?"

"నీకు చెబితే మధ్యాహ్నానికల్లా సముద్రంలో చేపలక్కూడా తెలిసిపోయేది, అక్కా."

వెర్నా నవ్వింది. హిల్డా అల్లిక పూర్తిచేసి ఆమె ముందు పెట్టింది. గుప్పెడంత పసుపుపచ్చ ఉన్ని టోపీ.

వెర్నా నవ్వు ఆగిపోయింది. "మీ దగ్గరే ఉంచండి, హిల్డా గారూ. పుట్టాక... చూద్దాం."

టోపీ కిటికీ గట్టు మీదే ఉండిపోయింది.

జనవరిలో ఒకరోజు భూతద్దం మీద వంగిన వెర్నా అలాగే బిగుసుకుపోయింది. "నికిల్ గారూ..." కవరు ఆయనకేసి జరిపింది. "ఉంది. రంగు కాస్త ముదురుగా ఉంది గానీ, కంటి కిందే. అదే చోట."

ముసలాయన ఉలిక్కిపడ్డాడు. "ఉండడానికి వీల్లేదే!" అని గబగబా వచ్చి చూశాడు. "దీన్ని నానబెట్టావా?"

"లేదు. కవరు మీదే ఉంది."

"ముందు నీళ్ళలో వెయ్యి."

వేసింది. గిన్నె మీదకి వంగి చూసింది. చుక్క చుట్టూ నీలం పొగలా వచ్చింది. కాసేపటికి రాణి బుగ్గ తెల్లగా తేలింది.

"ఏ గుమాస్తా కలమో విదిలించి ఉంటాడు. అచ్చు సిరా నీళ్ళకి చెదరదమ్మా. చేత్తో పెట్టినదైతే నిలవదు," అన్నాడు ముసలాయన. ఆయన నుదురు కూడా చెమట పట్టి ఉంది.

ఫిబ్రవరి చివర్లో ఆఖరి కవరు వచ్చింది. నాలుగు వేల మూడు వందల పన్నెండో రాణి. వెర్నా చూసింది. మళ్ళీ చూసింది.

"లేదు."

"సరిగ్గా చూశావా?"

"చూశాను. శుభ్రంగా ఉంది."

ముసలాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "అయితే దుమ్మే. ఒక్కసారి పడింది, పోయింది. పలకలో ఏ లోపమూ లేదు."

వెర్నా కుర్చీలో వెనక్కి వాలింది. ఎనిమిదో నెల పొట్ట మీద రెండు చేతులూ వేసుకుంది. లోపల్నించి బిడ్డ ఒక్క తన్ను తన్నింది.

"మీకు బాధగా లేదూ? రెండోది దొరికుంటే మీ పేరు స్టాంపుల పుస్తకాల్లోకెక్కేది."

"నా పేరు ఉన్నచోట సుఖంగానే ఉందిలే. ఇంక పైకెళ్ళి పడుకో."

ఆమె లేచింది. కిటికీ గట్టు మీది టోపీ తీసుకుని, దుమ్ము దులిపి, చెంపకి ఆనించుకుంటూ మెట్లెక్కింది.

పైన అడుగుల చప్పుడు ఆగేదాకా ముసలాయన కదల్లేదు. తరవాత గాజు పలక ఎత్తి, ఏడిచే రాణిని పట్టకారుతో పట్టుకుని, గోరువెచ్చని నీళ్ళలో వదిలాడు.

చుక్క ఎర్రటి పొగలా చెదిరి కరిగిపోయింది.