శవం కదలకూడదు

నాగదుర్గను కఫీల్ చంపాడు. అందులో అంజిబాబుకు అనుమానం లేదు.

కరోనా ఏడాది అతని భార్య దుబాయ్‌లోని డేరాలో, తనకు వీసా ఇచ్చిన ఆ అరబ్బు యజమాని ఇంట్లో పనిచేసేది. తోటి పనిమనిషి మంగ ఊరికి ఫోన్ చేసి చెప్పింది. జ్వరమొచ్చింది, పోయింది, శవాన్ని ఇవ్వరట, ఇక్కడే కాల్చేశారు అని. అంజిబాబు గోదావరి గట్టున దర్భ బొమ్మను తగలబెట్టి కర్మ చేశాడు. చివరి చూపు దక్కలేదు. జ్వరం మాట అతను నమ్మలేదు.

ఆ తరవాత తనే వీసా తీసుకుని వచ్చాడు. ఉమ్ అల్ క్వైన్‌లో సిమెంటు ఇటుకల ఫ్యాక్టరీ. సెలవు దొరికితే చాలు, డేరా వెళ్ళి ఆ ఇంటికోసం వెతికేవాడు. మంగ ఫోన్ మళ్ళీ కలవలేదు.

ఒక ఆదివారం, కూలీలను కుదిర్చే సనావుల్లా ఫ్యాక్టరీ క్యాంపుకు బస్సు తెచ్చాడు. ఎడారిలో ఏదో సీరియల్ షూటింగ్. ఒకే రాజ్యంలో జనం రెండు పక్షాలై నరుక్కున్న పాతకాలపు యుద్ధం. పీనుగులు కావాలి.

"పనేం లేదు భాయ్, పండుకునుడే. బిర్యానీ పెడ్తరు. మగర్ శవం కదలొద్దు. కదిలితే గుర్రాలన్నీ మళ్ళా మొదటి నుంచి ఉరకాలె."

అంజిబాబుకు గడ్డం అంటించారు. చొక్కాకు ఎర్రరంగు పూసి ఇసుకలో పడుకోబెట్టారు. పక్కన లింబాద్రి. నిజామాబాద్ వైపువాడు, అదే ఫ్యాక్టరీ.

"మా ఇంటామె సూస్తే నిజంగనే పోయిండనుకుంటది. ఫోటో పంపాల్నా అన్నా?" అన్నాడు లింబాద్రి.

"నోర్ముయ్యెహె. చచ్చినోడు వాగుతాడా?"

"గది కాదన్నా, నువ్వు, పోయిన వదినె మంచిగుండేటోళ్లా?"

"మొగుడన్నాక ఓ దెబ్బెయ్యడా ఏంటి? అంతమాత్రాన పరాయిదైపోద్దా? ఆ కఫీలుగాడు దొరకాలిగానీ, పీక పట్టుకుని అడుగుతాను. మొహమన్నా ఎందుకు చూపించలేదురా అని."

"యల్లా!" కానివ్వమని మైకులో అరిచారు.

రెండు దండుల గుర్రాలు ఎదురెదురుగా వచ్చి ఢీకొన్నాయి. డెక్కల అదురు ఇసుకలోంచి అంజిబాబు పక్కటెముకల్లోకి పాకింది. ఒక గుర్రం ముందుకాళ్ళు ఎత్తి సకిలించింది. రౌతు కిందపడ్డాడు. ఖాళీ జీనుతో ఆ గుర్రం శవాల అంచున దౌడు తీసింది. కత్తులు చెక్కవే. అయినా అంజిబాబుకు భార్య గుర్తొచ్చింది. నాగదుర్గ కూడా ఇలాగే పడి ఉంటుంది, అనుకున్నాడు. పక్కన తెలిసిన మనిషి లేకుండా.

గుర్రాలు వెళ్ళిపోయాయి. దుమ్ములోంచి నల్లబట్టల ఆడవాళ్ళు వచ్చారు. వాళ్ళూ కూలికి వచ్చినవాళ్ళే. కథలో వాళ్ళు మొగుళ్ళ శవాలను వెతుక్కోవాలి. ఒక్కో ముఖాన్నీ తిప్పి చూడాలి. తనవాడైతే పడి ఏడవాలి, కాకపోతే ముందుకు పోవాలి. ఎవరి దగ్గర ఏడవాలన్నది వాళ్ళ ఇష్టం.

ఒకామె అంజిబాబు పక్కన మోకాళ్ళమీద కూర్చుంది. దవడ పట్టుకుని అతని ముఖం తనవైపు తిప్పుకుంది.

ఆ చెయ్యి అక్కడే ఆగిపోయింది. ముసుగు జారింది.

అంజిబాబు కళ్ళు తెరిచే ఉన్నాయి. కదలలేదు.

ఆమె చాలాసేపు చూసింది. తరవాత అతని ముఖాన్ని మెల్లగా ఇసుకవైపు తిప్పేసింది.

"మా ఆయన కాదు," అంది, తెలుగులో.

లేచి లింబాద్రి దగ్గరికి వెళ్ళింది. అతని మీద పడి గుండెలు బాదుకుని ఏడ్చింది. కెమెరా ఆగింది. ఆమె ఏడుపు వెంటనే ఆగలేదు. మిగతా ఆడవాళ్ళు వచ్చి లేపాల్సివచ్చింది.

లింబాద్రి లేచి ఇసుక దులుపుకున్నాడు. అతని ముఖంలో నవ్వు లేదు.

"గంతగనం ఏడ్సిందేందన్నా? నా అంగి మొత్తం తడిసింది. ఉత్త యాక్టింగ్ గాదు గది. తెలుగామెనే. నీకెరికేనా?"

"ఎవరో," అన్నాడు అంజిబాబు, తాను కర్మ చేసిన నాగదుర్గ వెనక్కి చూడకుండా ఆడవాళ్ళ బస్సు ఎక్కుతుంటే. ఆ తరవాత ఆమె మాట అతని నోట మళ్ళీ రాలేదు.