ఎదుటివాళ్ల నోరు

"ఇది మూడోసారి రావడం. మీకసలు సిగ్గుందా?"

బాబాయ్ కుర్చీలో కుదురుకున్నాడో లేదో, బల్లకి అటువైపు నుంచి మొదటి తిట్టు వచ్చి తగిలింది.

ఇదివరకైతే బల్ల ఎగిరిపడేది. వీధివీధంతా ఆయన్ని చిటపటల బాబాయ్ అనేది ఊరికే కాదు. ఆ అరుపులకి జడిసి నాలుగేళ్ల మనవరాలు పది రోజులుగా దగ్గరికే రావడం లేదు. పొద్దున గుమ్మం దాటుతుంటే భార్య పందెం వేసింది.

"ఆ సర్వీస్ సెంటర్లో ఇవాళ గొంతు లేపకుండా రండి. దాన్ని నేనే తెచ్చి మీ ఒళ్లో కూర్చోబెడతాను. అరిచారో, ఇక నన్నడక్కండి. మీకు అబద్ధం చెప్పడం ఎలాగూ చేతకాదు."

అందుకే, వారం నుంచి ఫోన్లో చదువుతున్న స్టోయిక్ తత్వాన్ని బయటికి తీశాడు. రెండు వేల ఏళ్ల కిందటి ఆ గ్రీకు పెద్దలు చెప్పింది ఆయనకి అర్థమైనంతలో ఇదీ: ఎదుటివాళ్ల నోరు మన చేతిలో లేదు, మన నోరు మన చేతిలోనే ఉంది.

"మీది వాషింగ్ మెషీనా అండీ?" అన్నాడు మెత్తగా.

"మెషీనా అది? గంతులేస్తోంది. నిన్న వంటింట్లోకొచ్చి నిలబడింది."

"పాపం, ఒక్కతే ఉండలేకపోయిందేమో."

ఆ మనిషికి తిట్టబోయి నవ్వొచ్చింది.

తరవాత ఫ్రిజ్జు పాడైన టీచరమ్మ. ఉతికి ఆరేసింది. బాబాయ్ అంతా విని, ఆవిడ ఫోన్ నంబరు కాగితం మీద రాసుకున్నాడు.

"మూడు నెలలుగా తిరుగుతున్నా. చెప్పింది వినే మనిషిని ఇక్కడ ఇవాళే చూశాను," అని నమస్కారం పెట్టి మరీ వెళ్లింది.

మిక్సీ చంకన పెట్టుకొచ్చిన లాయరు ఏకంగా "దద్దమ్మ" అన్నాడు. బాబాయ్ చెవులు వేడెక్కాయి. పిడికిలి బిగుసుకుంది. బుజ్జిదాన్ని తలుచుకుని, ఒక్కో వేలే విప్పాడు.

"నిజమే లాయరుగారూ, మా ఇంట్లోనూ అదే మాట."

గంటన్నరకి వరస ఖాళీ అయింది. గొంతు ఒక్కసారీ లేవలేదు. బాబాయ్ మొహం చాటంత అయింది.

అప్పుడే టీ తాగి తీరిగ్గా లోపలికొచ్చిన ఫిర్యాదుల గుమాస్తా, తన కుర్చీలో కూర్చున్న బాబాయ్‌ని ఎగాదిగా చూసి, "ఇంతకీ తమరి ఇంట్లో ఏం పాడైందండీ?" అన్నాడు.