అరచేతిలో ఓటు

"చేతులెత్తిద్దాం బావా. చీకటి ఓటు వద్దు," అన్నాడు బావమరిది.

"ఎందుకురా?"

"చేతులెత్తమంటే మొహమాటానికైనా నీకు వేస్తారు. చీకట్లో ఎవడి బుద్ధి ఎలా ఉంటుందో ఎవడికి తెలుసు?"

పేము కుర్చీలు అల్లే ఆ కార్ఖానాలో చీకటి ఓటు పెట్టిందే పెద్దమేస్త్రీ. ఆయన ఒప్పుకుంటాడా?

"ముఖం చూసి వేసేది ఓటు కాదురా, దండం. నాకు దండాలు వద్దు."

వాళ్ళిద్దరూ రోజూ కలిసే వస్తారు, కలిసే పోతారు. జోడెడ్లని వెనకాల నవ్వుకునేవాళ్ళూ ఉన్నారు.

ఈసారి ఓటు పెద్దమేస్త్రీ మీదే. వార్నిష్ గదిలో గాలాడక ఒకావిడ సొమ్మసిల్లి పడిపోయింది. గదికి కిటికీ పెట్టేదాకా ఎవరూ పేము ముట్టకూడదని ఆయన పని ఆపించాడు. కిటికీ వచ్చింది. దాంతోపాటు యజమానికి కడుపుమంట కూడా వచ్చింది. ఆ పొద్దున గోడకు కాగితం అంటించాడు. బావమరిదే దాన్ని పైకి చదివాడు. పెద్దమేస్త్రీ అయినా వెళ్ళిపోవాలి, కార్ఖానా అయినా మూతపడాలి. ఏది కావాలో పనివాళ్ళే తేల్చుకోవాలి.

గొంతు కోసే పని కూడా వాళ్ళ చేతులతోనే చేయించాలన్నది ఆ మహానుభావుడి తెలివి.

అన్నాల దగ్గర ఒక్కొక్కరూ వచ్చి పెద్దమేస్త్రీ పక్కన కూర్చున్నారు. నువ్వు లేకపోతే మేమెక్కడ అన్నారు. కార్ఖానా పోతే పోనీ అన్నవాడు కూడా ఉన్నాడు.

చీకటి ఓటంటే పెద్ద తతంగమేం కాదు. గోదాములోకి ఒక్కొక్కరే వెళ్ళాలి. వద్దనుకుంటే మేకు, కావాలనుకుంటే పేము ముక్క. తలుపు సందుల్లోంచి తొంగిచూసే కళ్ళు ఉంటాయి కాబట్టి లైటు తీసేస్తారు. మొదట్లో రేకు డబ్బాలో వేసేవాళ్ళు. మేకు పడితే టంగుమనేది, పేము ముక్క చప్పుడు చేసేది కాదు. వరసలో ఉన్నవాళ్ళు చెవులు రిక్కించి, ఎవరేం వేశారో అక్కడికక్కడే చెప్పేసేవాళ్ళు. అందుకని డబ్బా పోయి, పెద్దమేస్త్రీ అరచెయ్యి వచ్చింది. అందులో పెడితే ఆయన పిడికిలి మూసి, నడుముకున్న గుడ్డసంచిలోకి జారవిడుస్తాడు.

"ఓటూ నీమీదే, లెక్కా నీదేనా? ఇదెక్కడి న్యాయం?" అని పేచీకోరు అడ్డుపడ్డాడు. కార్ఖానాలో ఆయనకు ఎదురు మాట్లాడేది వాడొక్కడే. సూర్యుడు తూర్పున పొడిచాడన్నా వాదనకు దిగే రకం.

"ఆయన కాకపోతే ఇంకెవరు కూర్చుంటారు? నువ్వా?" అన్నారెవరో. అందరూ నవ్వారు. పేచీకోరుకు కూడా నవ్వాగలేదు.

లైటు ఆరింది. పెద్దమేస్త్రీ బల్లమీద కూర్చుని చెయ్యి చాపాడు.

చెప్పులు బయటే విడిచి, పిల్లుల్లా వచ్చారు. ఎవరూ దగ్గలేదు, ఎవరూ గొంతు సవరించుకోలేదు. ఒక్కో చెయ్యీ ఆయన అరచేతిని తాకి వెళ్ళిపోయింది. ఒక్కసారి మాత్రం ఆ చెయ్యి వెంటనే పోకుండా కాస్త ఆగింది. పెద్దమేస్త్రీ పిడికిలి కూడా వెంటనే మూసుకోలేదు.

లైటు వేశాక ఆయన సంచిని అందరి ముందూ బల్లమీద గుమ్మరించాడు. మేకులు కుప్పగా పడ్డాయి. పేము ముక్కలు రెండంటే రెండు.



"ఎవరూ మాట్లాడరేం?" అన్నాడు పెద్దమేస్త్రీ. ఇన్నేళ్ళు వీళ్ళకోసమే కొట్లాడాడు. ఖాళీ సంచి మడిచి నడుముకు దోపుకుని, "మీ పని నిలబడింది కదా. పోయి చేసుకోండి," అన్నాడు.

ఆ తర్వాత మొదలైంది అసలు తమాషా. ఒకడు వచ్చి, "నా ముక్క నీకే వేశానన్నా," అన్నాడు. ఇంకొకడు, "ఎవరెలా ఉన్నా నేను నీవాణ్ణే బాబాయ్," అన్నాడు. వార్నిష్ గది ఆవిడ ఏడుస్తూనే, "నేను మీకే వేశానండీ," అంది. సాయంత్రానికి ఆ రెండు ముక్కలకీ సగం కార్ఖానా వారసులైంది. పెద్దమేస్త్రీ అందరితోనూ "సరే" అన్నాడు. ఆవిడతో మాత్రం "తెలుసమ్మా" అన్నాడు.

పేచీకోరు ఒక్కడే ఏమీ చెప్పుకోలేదు. పెద్దమేస్త్రీ వాణ్ణి పిలిపించి, ముప్పై ఏళ్ళుగా ఎవరినీ ముట్టుకోనివ్వని తన పేము కత్తి చేతికిచ్చాడు.

"నాకెందుకిది?" అన్నాడు వాడు.

"ఉంచుకో. పదును పోనివ్వకు."

గేటు దాటేసరికి బావమరిది కుతకుతలాడిపోతున్నాడు.

"కత్తి ఆ పేచీకోరుకిస్తావా? మొదటి మేకు వాడిదే అయ్యుంటుంది. అందరూ కలిసి నీ గొంతు కోశారు బావా. ఇంటికెళ్ళి అక్కకి నేనేం చెప్పను?"



"చేతులెత్తిద్దామని నువ్వు ముందే చెప్పావురా."

"చెప్పాను. విన్నావా?"

"వినాల్సింది. ఎత్తమంటే నాకే ఎత్తేవాళ్ళు."

రోడ్డు వచ్చింది. బండ్లు ఆగకుండా పోతున్నాయి. బావమరిది ఎప్పటిలాగే ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

చిన్నప్పుడే రెండు కళ్ళూ పోయిన పెద్దమేస్త్రీకి, రోజూ తనను రోడ్డు దాటించే ఈ చెయ్యే ఇందాక గోదాములో మేకు పెట్టి కాస్త ఆగినప్పుడు, అది ఎవరిదో పోల్చుకోవడానికి లైటుతో పనే లేకపోయింది.