డ్యూక్‌గారి బల్ల

థార్న్‌మియర్ చర్చిలో ముందు వరస బల్ల మీద ఎవరో ముసలావిడ కూర్చుని గుడ్డు శాండ్‌విచ్ తింటోంది.

చర్చి పెద్ద క్లైవ్ ఆర్మిటేజ్‌కి ఒళ్ళు మండిపోయింది.

పొద్దుటి నుంచీ అన్నీ అడ్డంకులే. బ్యాండు వాళ్ళ వ్యాను దారిలో ఆగిపోయింది. పూలు వడలిపోయాయి. ఎవరివో గొర్రెలు చర్చి మెట్లు పాడుచేసి పోయాయి.

ఇప్పుడు ఈవిడ!

"అమ్మా, అది డ్యూక్‌గారి బల్ల. దాని మీద ఎవరూ కూర్చోరు."

"తెలుసు బాబూ. కాస్త కాలు లాగుతోంది. ఈ దిండు ఇంకా మార్చలేదే, అలాగే గుచ్చుకుంటోంది!"

డెబ్బై ఏళ్ళుగా ఆ బల్ల ఖాళీ. పాత డ్యూక్‌కి కొడుకులు లేరు. కొడుకులకే దక్కే థార్న్‌మియర్ డ్యూక్ అన్న బిరుదు ఆయనతోనే ఆరిపోయింది. మొన్న వసంతంలో రాజుగారు తన చిన్న కొడుక్కి పెళ్ళినాటి ఉదయం ఆ బిరుదును మళ్ళీ పుట్టించి ఇచ్చాడు.

ఆ కొత్త డ్యూక్ ఇవాళ మొదటిసారి ఊరికి వస్తున్నాడు. ఈ బల్ల మీద కూర్చుంటేనే ఊరు ఆయనను తనవాడనుకుంటుంది. ఊరు నచ్చితే ఏటా వస్తాడు. నచ్చకపోతే ఊరికి మిగిలేది పేరే.

"రమ్మని కార్డు వచ్చిందా మీకు?" అడిగాడు క్లైవ్.

"వచ్చింది. ఇంట్లో మరిచిపోయాను. మా ఊరికి రావడానికి కార్డెందుకులే అనుకున్నాను."

"మీ ఊరా! ఇరవై ఏళ్ళుగా ఇక్కడే ఉంటున్నాను, మిమ్మల్ని ఒక్కనాడూ చూడలేదే?"

"నువ్వు రాకముందే వెళ్ళిపోయాం నాయనా. మా ఇంట్లో మగపిల్లలు లేరు. నాన్నతోనే అన్నీ అయిపోయాయి."

ఇంటి కథలు వినే తీరికెక్కడిది?

పూలు సర్దుతున్న డోరీన్ తల తిప్పింది. "పోనీలే క్లైవ్, వెనక మూల కూర్చోనీ."

"మూల కూర్చుని దగ్గుతుంది! టీవీ వాళ్ళు వస్తున్నారు డోరీన్. కాస్త నా ప్రాణం తీయకుండా పూలు చూసుకో."

ముసలావిడ సంచీ క్లైవ్ తనే అందుకుని, చెయ్యి పట్టుకుని గేటు దాకా నడిపించాడు. అప్పుడే వచ్చిన బస్సు ఎక్కించాడు.

ఆవిడ మెట్టు మీద నిలబడి వెనక్కి తిరిగింది.

"ఆ అబ్బాయికి చెప్పు, ముందు ఆ దిండు మార్పించమని. నడుం పట్టేస్తుంది."

"అబ్బాయా! డ్యూక్‌గారిని పట్టుకుని అబ్బాయంటారా?" అన్నాడు క్లైవ్. బస్సు కదిలింది.

లోపలికి పరుగెత్తి బల్ల మీద రొట్టె ముక్కలు తుడిచి, గుడ్డ జేబులో కుక్కుకున్నాడు. కార్లు వచ్చాయి. గంటలు మోగాయి.

కొత్త డ్యూక్ అందరినీ నవ్వుతూ పలకరించి బల్ల దాకా వచ్చాడు. కూర్చోలేదు. అటూ ఇటూ చూశాడు.

"ఆవిడ రాలేదా?"

"ఎవరు ప్రభూ?"

"కారు పంపుతామంటే బస్సే చాలన్నారు. శాండ్‌విచ్ కట్టుకుని ముందుగానే వస్తానన్నారు."

క్లైవ్ చెయ్యి జేబులోని గుడ్డ మీద బిగుసుకుపోయింది.

"దయచేసి కూర్చోండి ప్రభూ, అందరూ చూస్తున్నారు" అన్నాడు.

"ఆవిడ కూర్చోమంటేనే కూర్చుంటానని మాటిచ్చాను."

ప్రార్థన అయ్యేదాకా ఆయన నిలబడే ఉన్నాడు. వెళ్ళిపోతూ ఖాళీ బల్ల మీద చెయ్యి వేసి మెల్లగా అన్నాడు:

"పాత డ్యూక్‌గారి ఒక్కగానొక్క కూతురు ఆవిడ, మగబిడ్డగా పుట్టి ఉంటే ఈ బల్ల ఒక్కరోజు కూడా ఖాళీ అయ్యేది కాదు."