'లేవు' అనని సర్వర్

పేజీ మళ్ళీ తెల్లబోయింది. దాంతోపాటు హర్షిణి కూడా.

బాపట్లలో ఓ మేడ మీద రెండు గదుల కంపెనీ అది. రేపల్లె అవతల రేవులో ఇవాళ ఏ చేప దిగిందో చూసుకుని, తెనాలి, బాపట్ల ఇళ్ళవాళ్ళు తెప్పించుకునే సైటు కడుతున్నారు. తెర మీద కనిపించేదంతా హర్షిణి పని. సర్వర్ పంపిన జవాబును తను రాసుకున్న మోడల్‌లో సర్దాలి. పేరంటే అక్షరాలు, బరువంటే అంకె. ఇంకోటి వస్తే మోడల్ ఒప్పుకోదు, పేజీ ఆగిపోతుంది.

సర్వర్‌దేమో దాని ఇష్టం. వంజరం చేప బరువు ఒకసారి 12 అని పంపుతుంది, ఒకసారి 'పన్నెండు' అని, ఇంకోసారి 'పన్నెండు దాకా' అని. సరుకు అయిపోతే సున్నా రావాలి కదా! రాదు. 'నిండుకున్నాయి' అని వస్తుంది.

"అంకె రావాల్సిన చోట నిండుకోవడమేంటి సార్!" అంది యజమాని రఘురామ్‌తో.

"సర్వర్ సంగతి రేపల్లెలో భవాని గారు చూసుకుంటారమ్మా. ఆవిణ్ణే అడుగు" అని ఆయన కాఫీ కప్పులో తల దూర్చేశాడు.

సోమవారం దుగ్గిరాల నుంచి వాగ్దేవి గారు సైటు చూడ్డానికి వస్తున్నారు. పసుపు వ్యాపారం ఆవిడది. నచ్చితే కంపెనీలో భాగం తీసుకుంటారు, హర్షిణి ఉద్యోగం ఖాయమవుతుంది. ఆవిడ ముందు పేజీ తెల్లబోయిందంటే మాత్రం కొత్తగా చేరినవాళ్ళు ఇంటికే. ఈ మాట రఘురామ్ ముందే చెప్పేశాడు.

హర్షిణి రేపల్లెకు ఫోన్ చేసింది.

"మా వైపు అంతా బాగానే ఉందమ్మాయ్. నీ వైపే ఏదో తేడా, చూసుకో" అన్నారు భవాని గారు. సర్వర్ చూసేవాళ్ళంతా ఇదే మాట అంటారని వడ్లమూడి కాలేజీలో చదివేటప్పుడే సీనియర్లు చెప్పారు.

"మరి ఆ 'నిండుకున్నాయి' ఏంటి మేడమ్?"

"పొద్దుపొద్దున్నే 'లేవు' అనీ, సున్నా అనీ ఎలా పంపమంటావు? మంచిది కాదు."

హర్షిణికి కోపమూ నవ్వూ కలిసి వచ్చాయి. ఇంత పెద్ద ఇంజనీరుకు ఈ పట్టింపులేంటి! తీరా గమనిస్తే, మధ్యాహ్నం దాటాక అదే సర్వర్ శుభ్రంగా సున్నా పంపుతోంది. అంటే వేళను బట్టి మాట మార్చేలా ప్రోగ్రాం రాశారన్నమాట. ఆ ఓపికకు మనసులోనే దణ్ణం పెట్టుకుంది.

పక్క సీటు ఫణి ఉపాయం చెప్పాడు. "మోడల్‌లో 'ఏదైనా సరే' అని రాసేయ్. ఏది పంపినా తీసుకుంటుంది. గొడవ వదిలిపోతుంది."

"మోడల్‌తో పాటు నా పరువూ వదిలిపోతుంది. నేను రాయను గాక రాయను" అంది హర్షిణి. మొండిఘటం.

ఆదివారం తెనాలిలో ఇంటి నుంచి కదలకుండా రాసింది. అక్షరాల్లో వచ్చిన అంకెల్ని అంకెలు చేసింది. 'దాకా'ను కత్తిరించింది. 'నిండుకున్నాయి'ని లోపల సున్నా చేసి, తెర మీద 'రేపు తాజాగా' అని చూపించింది. ఇవేవీ కానిది వస్తే పేజీ ఆగకుండా, 'బరువు అంకెల్లో పంపండి' అని తెలుగులో సర్వర్‌కే తిప్పి పంపేలా పెట్టింది.

అక్కణ్ణుంచి మొదలైంది వింత. తిప్పి పంపిన కాసేపటికి అదే జవాబు ముచ్చటగా సరైపోయి వస్తోంది!

"నా మోడల్ దెబ్బకు సర్వర్ దారికొచ్చింది" అని ఫణికి ఫోన్ చేసి మరీ గొప్పలు పోయింది.

సోమవారం వాగ్దేవి గారు కళ్ళజోడు సవరించుకుని సైటులో చందువ చేప అడిగారు. తెర మీద చక్రం తిరిగింది. తిరుగుతూనే ఉంది. రఘురామ్ కిటికీలోంచి రేపల్లె దిక్కుగా చూస్తున్నాడు.

'చందువ: 4 కిలోలు.'

అమ్మయ్య! తర్వాత ఆవిడ రొయ్యలు అడిగారు. మళ్ళీ చక్రం. 'రొయ్యలు: రేపు తాజాగా.'

వాగ్దేవి గారి మొహం విప్పారింది. "పొద్దున్నే లేవు అనకుండా ఎంత బాగా చెప్పిందండీ! కాస్త నిదానమే గానీ, మర్యాద తెలిసిన సైటు. నేను కంపెనీలో కలుస్తున్నాను."

హర్షిణి ఆనందానికి పట్టపగ్గాల్లేవు. ఉద్యోగం నిలిచింది! సగం పుణ్యం భవాని గారిది కాబట్టి మర్నాడే స్వీటు డబ్బాతో రేపల్లె రైలెక్కింది. "అంత దూరం ఎందుకమ్మా, ఫోన్ చేస్తే పోదూ" అని రఘురామ్ గింజుకున్నా వినలేదు.

రేవులో అడిగితే రేకుల షెడ్డు చూపించారు. తట్టల మధ్య స్టూలు మీద, కొంగు నడుముకు దోపి, ఫోన్ ముక్కుకు ఆనించుకుని ఒకావిడ కూర్చుంది.

"భవాని గారంటే మీరేనాండి? నేను హర్షిణిని. మీ సర్వర్‌ను కళ్ళారా చూసి పోదామని వచ్చాను."

ఆవిడ తలెత్తకుండానే పక్కనున్న పీట చూపించింది.

"కూర్చో అమ్మాయ్, తెనాలి నుంచి ఎవరో వంజరం ఉందా అని అడుగుతున్నారు, తట్టలో చూసి జవాబు టైపు చేసి పంపేసి వస్తా, సర్వరంటే నేనేగా!"